ఫ్రాన్స్ ముందున్న మూడు దారులు: వైదొలగడమా, ధిక్కరించడమా, మరింత కలిసిపోవడమా?

2024 డిసెంబరు 4న ఫ్రాన్స్ నేషనల్ అసెంబ్లీ ప్రధానమంత్రి మిషెల్ బార్నియే ప్రభుత్వాన్ని అవిశ్వాస తీర్మానంతో కూల్చివేసింది. 1962 తరువాత ఆ దేశంలో ఒక ప్రభుత్వం అవిశ్వాసంతో పడిపోవడం అదే మొదటిసారి. రెండు రోజుల తరువాత, డిసెంబరు 6న, ఐరోపా సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ దక్షిణ అమెరికాలోని మెర్కోసుర్ కూటమితో వాణిజ్య చర్చలు ముగిశాయని ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ప్రకటించారు. ఆ ఒప్పందాన్ని ఉన్న రూపంలో అంగీకరించబోమని అంతకు కొద్ది రోజుల ముందే ఫ్రెంచి దిగువ సభ భారీ ఆధిక్యంతో చెప్పి ఉంది. తమ సభ స్వదేశంలో ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టలేదు, సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌లో ఒక ఒప్పందాన్ని ఆపలేదు అని ఒకే వారంలో తెలుసుకున్న పౌరుడు నిస్పృహకు లోనుకావడంలో వింత లేదు.

ఈ నిస్పృహకు విరుగుడుగా ఆ దేశంలో మూడు మార్గాలు చర్చలో ఉన్నాయి. ఐరోపా సమాఖ్య నుండి, దానితోపాటు యూరో నుండి వైదొలగడం మొదటిది. సభ్యత్వాన్ని ఉంచుకొని, గిట్టని నిబంధనలను పాటించబోమని భీష్మించడం రెండవది. రక్షణ, ఉమ్మడి రుణం, కార్మిక నియమాలు వంటి విషయాలలో మరింత అధికారాన్ని సమాఖ్యకు అప్పగించి, ఒంటరిగా సాధించలేనిదాన్ని మిగిలిన ఇరవై ఆరు దేశాలతో కలిసి సాధించడం మూడవది. వీటిలో మూడవదే మేలని నా అభిప్రాయం. అయితే దానికి ఒక షరతు ఉంది; 2005 తరువాత ఫ్రాన్స్‌ను పాలించినవారెవరూ ఆ షరతు జోలికి పోలేదు.

ముందుగా, రోగంలో ఎంత భాగం ఐరోపాది, ఎంత భాగం ఇంటిది అన్నది తేల్చుకోవాలి. 1974 తరువాత ఫ్రాన్స్‌లో సమతూకంగా ముగిసిన బడ్జెట్ ఒక్కటి కూడా లేదు. సమాఖ్య నియమాల ప్రకారం ద్రవ్యలోటు స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతాన్ని, రుణం 60 శాతాన్ని మించరాదు. 2024లో ఫ్రాన్స్ లోటు 5.8 శాతానికి, రుణం సుమారు 113 శాతానికి చేరాయి. ఆ లోటు బడ్జెట్లను ఆమోదించినది పారిస్‌లోని పార్లమెంటే. 2018 నవంబరు 17న పసుపు చొక్కాలు తొడుక్కొని కూడళ్లను దిగ్బంధించిన జనం నిరసించిన ఇంధన పన్ను కూడా పారిస్‌లో నిర్ణయమైనదే. 2023లో పదవీ విరమణ వయస్సును 62 నుండి 64కు పెంచిన చట్టాన్ని దిగువ సభలో తుది ఓటింగు లేకుండా గట్టెక్కించడానికి ప్రభుత్వం వాడుకున్నది ఫ్రెంచి రాజ్యాంగంలోని 49వ అధికరణంలోని మూడవ నిబంధనను. 2024 జూన్‌లో ఐరోపా పార్లమెంటు ఎన్నికలలో మరీన్ లె పెన్‌కు చెందిన తీవ్ర మితవాద పార్టీ నేషనల్ ర్యాలీకి 31 శాతం ఓట్లు వచ్చిన రాత్రే సభను రద్దుచేసి, ఎవరికీ ఆధిక్యం లేని మూడు కూటముల సభను కొనితెచ్చుకున్నది అధ్యక్షుడు ఇమాన్యుయేల్ మాక్రాన్. అప్రియమైన ప్రతి నిర్ణయాన్నీ "బ్రస్సెల్స్ ఆదేశం" అని చెప్పి తప్పించుకొనే మంత్రులు, ఆ ఆదేశం తయారైన సభ్యదేశాల మంత్రుల మండలిలో తమకూ ఒక కుర్చీ, ఒక ఓటు ఉన్నాయన్న సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

కాని ఒక గాయం మాత్రం నిజంగా ఐరోపా వ్యవహారంలో తగిలినదే. 1992 సెప్టెంబరులో, ఐరోపా సమాఖ్యను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని ఫ్రెంచి ప్రజలు కేవలం 51 శాతం ఓట్లతో ఆమోదించారు. 2005 మే 29న ఐరోపా రాజ్యాంగ ఒప్పందంపై అధ్యక్షుడు జాక్ షిరాక్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు దాదాపు 55 శాతం మంది వద్దన్నారు. ఓటు వేసినవారు 69 శాతం, అంటే ఉదాసీనతతో వచ్చిన ఫలితం కాదది. పారిస్ నగరంలో మూడింట రెండు వంతుల మంది ఔనన్నారు. ఉత్తరాన గనులు, నేత మిల్లులు మూతపడిన పట్టణాలు బలంగా కాదన్నాయి. ఆ తరువాత అధ్యక్షుడు నికోలా సర్కోజీ హయాంలో, అదే ఒప్పందంలోని ప్రధానాంశాలతో రూపొందిన లిస్బన్ ఒప్పందాన్ని 2008 ఫిబ్రవరిలో పార్లమెంటు ద్వారా ఆమోదింపజేశారు. తాను పార్లమెంటు మార్గాన్నే ఎంచుకుంటానని సర్కోజీ ఎన్నికలకు ముందే చెప్పిన మాట వాస్తవమే. అయినా ఓటుతో కాదన్నది ఓటు లేకుండా వెనుక గుమ్మం నుండి వచ్చిందన్న అభిప్రాయం నాటి నుండి చెరగలేదు. ఆ తరువాత ఫ్రాన్స్‌లో జాతీయ స్థాయి ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటి కూడా జరగలేదు.

వైదొలగే మార్గానికి ఉన్న ఆకర్షణ అంతా ఒక ఊహపై ఆధారపడి ఉంది: యూరోకు ముందున్న సొంత నాణెం ఫ్రాంకు తిరిగి వస్తే ఆర్థిక విధానం తిరిగి చేతికి వస్తుందని. ఫ్రాంకు ఉన్న కాలంలో ఏమి జరిగిందో చూడాలి. 1981లో అధికారానికి వచ్చిన ఫ్రాన్స్వా మిట్టెరాండ్ వేతనాలు పెంచి, బ్యాంకులను, పెద్ద పరిశ్రమలను జాతీయం చేసి, గిరాకీని పెంచి నిరుద్యోగాన్ని తగ్గించాలని చూశారు. దిగుమతులు పెరిగాయి, పెట్టుబడులు తరలిపోయాయి, ఫ్రాంకు విలువను 1981 అక్టోబరులో, 1982 జూన్‌లో, 1983 మార్చిలో వరుసగా మూడుసార్లు తగ్గించవలసి వచ్చింది. చివరిసారి, సభ్యదేశాల నాణేల విలువలను ఒకదానితో ఒకటి ముడిపెట్టిన ఐరోపా ద్రవ్య వ్యవస్థ నుండి బయటపడదామని ఆయన చుట్టూ ఉన్న కొందరు గట్టిగా వాదించారు. ఆర్థికమంత్రి జాక్ డెలోర్ వద్దన్నారు. మిట్టెరాండ్ డెలోర్ మాటే విని పొదుపు బాట పట్టారు. యూరో అనేది కాగితం మీదికి కూడా రాకముందే ఫ్రాన్స్‌కు సొంత నాణెంతో సొంత విధానం నడిపే స్వేచ్ఛ ఎంత ఇరుకుగా ఉండేదో చెప్పడానికి ఆ 22 నెలలు చాలు.

ఈనాడు ఆ స్వేచ్ఛ మరింత ఇరుకు. ఫ్రెంచి చట్టం కింద జారీ అయిన ప్రభుత్వ బాండ్లను కొత్త ఫ్రాంకులలోకి మార్చడం న్యాయశాస్త్రరీత్యా సాధ్యమే కావచ్చు. కాని వాటిలో సగానికి పైగా విదేశాలలోని మదుపరుల చేతుల్లో ఉన్నాయి. విలువ పడిపోతుందని తెలిసిన నాణెంలో చెల్లింపును వారు ఎగవేతగానే లెక్కిస్తారు, తరువాతి అప్పుకు వడ్డీ ఆ లెక్కతోనే అడుగుతారు. ఉమ్మడి వ్యవసాయ విధానం నుండి ఫ్రెంచి రైతులకు ఏటా అందే సుమారు 900 కోట్ల యూరోలను కూడా అప్పుడు ఫ్రెంచి ఖజానాయే భరించాలి. బ్రిటన్ ఉదాహరణను ఫ్రాన్స్‌కు అతికించేవారు గమనించవలసినది మరొకటి ఉంది: పౌండును ఏనాడూ వదలని దేశమే 2016 జూన్‌లో ఓటు వేసి, పార్లమెంటులో మూడుసార్లు నిష్క్రమణ ఒప్పందం ఓడిపోయి, 2020 జనవరి 31కి గాని బయటపడలేకపోయింది. మరీన్ లె పెన్ 2017లో ఓడిన తరువాత యూరోను విడిచే హామీని మెల్లగా అటకెక్కించారు. అప్పుడు 34 శాతంగా ఉన్న ఆమె రెండవ విడత ఓటు 2022లో 41.5 శాతానికి పెరిగింది. వైదొలగడాన్ని ఆ పార్టీయే అమ్ముడుపోని సరుకుగా గుర్తించినప్పుడు దానిపై ఇంతకు మించి చర్చించనక్కరలేదు.

ఎక్కువ ఆలోచించవలసినది రెండవ మార్గం గురించి, ఎందుకంటే దాని వెనుక గౌరవప్రదమైన చరిత్ర ఉంది. వ్యవసాయ నిధుల ఏర్పాటుపై, మండలిలో ఆధిక్య ఓటింగుపై తలెత్తిన వివాదంలో నాటి అధ్యక్షుడు జనరల్ డిగాల్ 1965 జూలై నుండి ఫ్రెంచి మంత్రులను మండలి సమావేశాలకు పంపలేదు. ఖాళీగా ఉన్న ఆ కుర్చీ ఏడు నెలలలో పని చేసింది: ఒక దేశం తన ప్రాణప్రదమైన ప్రయోజనమని చెప్పిన చోట ఏకాభిప్రాయం కుదిరే వరకు చర్చ సాగాలన్న లక్సెంబర్గ్ రాజీ 1966 జనవరిలో కుదిరింది. కుడివైపు లె పెన్, ఎడమవైపు జాన్-లూక్ మెలాన్షాన్ వేర్వేరు కారణాలతో చెప్పేది ఈ పద్ధతి గురించే. జాతీయ చట్టానిదే పైచేయి కావాలని ఆమె, పొదుపును విధించే ఒప్పందాలను పాటించరాదని ఆయన వాదిస్తారు.

డిగాల్ ఎదుట ఉన్నవి మరో ఐదు దేశాలు మాత్రమే. ఫ్రాన్స్ లేనిదే ఆ సంఘానికి అర్థమే లేదు. నేడు మండలిలో అనేక విషయాలు సభ్యదేశాలలో 55 శాతం, జనాభాలో 65 శాతం కలిస్తే తేలిపోతాయి; ఖాళీ కుర్చీ వలన సమావేశం ఆగదు, ఓటు ఒకటి తగ్గుతుంది. ధిక్కారానికి వెల కూడా ఇప్పుడు నిర్ణయమై ఉంది. న్యాయవ్యవస్థ వివాదంలో ఐరోపా న్యాయస్థానం 2021లో పోలండ్‌కు రోజుకు 10 లక్షల యూరోల జరిమానా విధించింది. చట్టబద్ధ పాలన విషయంలో హంగరీకి రావలసిన 630 కోట్ల యూరోలను మండలి 2022లో నిలిపివేసింది.

పెద్ద దేశాలకు ఈ నియమాలు వర్తించవని అనేవారు 2003 నవంబరును గుర్తుచేస్తారు. 3 శాతం గీత దాటిన ఫ్రాన్స్, జర్మనీలపై చర్యను ఆర్థికమంత్రుల మండలి అప్పుడు నిలిపివేసింది. సరిగ్గా అదే ఈ మార్గంలోని అసలు లోపం. 2015 జూలై 5న గ్రీసులో 61 శాతం మంది రుణదాతల షరతులను తిరస్కరించారు. ఎనిమిది రోజులకే ఆ ప్రభుత్వం అంతకంటే కఠినమైన షరతులకు తలవంచింది. బలవంతుడు అతిక్రమించి, బలహీనుడు శిక్ష అనుభవించే సమాఖ్యలో ఫ్రాన్స్ ఏ వైపు ఉంటుందన్నది దాని అప్పుపై మార్కెట్లు అడిగే వడ్డీని బట్టి మారుతుంది. 2003లో అది బలవంతుల పక్షాన ఉంది. 113 శాతం రుణంతో, 2024 డిసెంబరులో బార్నియేను, 2025 సెప్టెంబరులో తరువాతి ప్రధానమంత్రి ఫ్రాన్స్వా బైరూను బడ్జెట్ వివాదాలలోనే కోల్పోయిన దేశం అదే ధీమాతో ఉండడం కష్టం.

ఇక మూడవ మార్గం. దీని చరిత్రలో ఫ్రాన్స్‌కు మచ్చ లేకపోలేదు: ఐరోపా ఉమ్మడి సైన్యం ప్రతిపాదనను 1950లో తానే తెచ్చి, 1954 ఆగస్టు 30న తన అసెంబ్లీలోనే ఆ ఒప్పందాన్ని ఓడించింది. అయినా ఇటీవలి అనుభవం దీనికే అనుకూలంగా ఉంది. తక్కువ వేతనాల దేశాల నుండి తాత్కాలికంగా పంపే కార్మికుల సమస్యనే తీసుకుందాం. 2005 ప్రచారంలో "పోలండ్ ప్లంబర్" అనే బొమ్మతో భయపెట్టినది ఈ సమస్యే. ఒకే చోట ఒకే పనికి ఒకే వేతనం అన్న సవరణ 2018లో పోలండ్, హంగరీల వ్యతిరేకతను దాటి ఆమోదం పొందింది. ఆ రెండు దేశాలు న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయాయి. పారిస్ ఒంటరిగా చట్టం చేసి ఉంటే అది ఉమ్మడి మార్కెట్ నియమాలతో ఢీకొనేది, సమాఖ్య చట్టంగా వచ్చింది కనుక నిలిచింది. 2020 జూలైలో కొవిడ్ నుండి కోలుకోవడానికి 75 వేల కోట్ల యూరోల ఉమ్మడి నిధికి 27 దేశాలు అంగీకరించాయి. ఉమ్మడి అప్పు అన్న మాటకే జర్మనీ అంతకు ముందు ససేమిరా అనేది.

ఈ మార్గం అన్నిటికీ మందు కాదు. అమియాఁలోని వర్ల్‌పూల్ బట్టల డ్రయ్యర్ల కర్మాగారం పోలండ్‌లోని వూజ్‌కు తరలిపోతుండగా 2017 ఏప్రిల్ 26న లె పెన్, మాక్రాన్ ఇద్దరూ ఆ కార్మికుల దగ్గరకు వెళ్లారు. అమియాఁ మాక్రాన్ పుట్టిన ఊరు. మూసివేతను ఆపుతానని తాను హామీ ఇవ్వలేనని ఆయన చెప్పారు, కర్మాగారం మరుసటి ఏడాది మూతపడింది. పెట్టుబడి హద్దులు దాటినంత సులువుగా పన్నులు, సామాజిక రక్షణ హద్దులు దాటని సమాఖ్యలో అది మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఏకీకరణ మార్కెట్ దగ్గర ఆగిపోవడమే ఇక్కడ లోపమని నేను భావిస్తాను.

మొదట చెప్పిన షరతు ఇదే: ఇలాంటి తదుపరి అడుగు ఏదైనా వేసే ముందు ప్రజల ఓటు కోరాలి, ఓడితే ఆగాలి. సమాఖ్యలో కొత్త దేశాన్ని చేర్చుకోవడానికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని ఫ్రెంచి రాజ్యాంగంలోని 88-5 అధికరణం చెబుతుంది. ఉభయ సభలు అయిదింట మూడు వంతుల ఆధిక్యంతో దానిని తప్పించుకొనే వెసులుబాటు 2008లో చేరింది. ఉమ్మడి రుణానికి, ఉమ్మడి రక్షణ వ్యయానికి ఆ పాటి నిబంధన కూడా లేదు. ఓటు కోరితే ఓడిపోతామన్న భయం పాలకులకు ఉంది, అది నిరాధారం కాదు. అయితే ఓటు తప్పించుకున్న 2008 నిర్ణయం ఎవరికి లాభించిందో తరువాతి అధ్యక్ష ఎన్నికల గణాంకాలే చెబుతున్నాయి.

ఇంత చెప్పిన తరువాత కూడా లిమూజాఁ ప్రాంతంలో గొడ్లను మేపి మాంసం అమ్ముకొనే రైతు ఈ వాదనతో సమాధానపడతాడని నేను అనుకోవడం లేదు. మెర్కోసుర్ గొడ్డుమాంసం తక్కువ సుంకంతో వస్తే అతని నష్టాన్ని ఉమ్మడి రుణమో, ఉమ్మడి సైన్యమో పూడ్చదు, వాణిజ్యం పూర్తిగా సమాఖ్య అధికారంలో ఉన్నంత కాలం పారిస్ అతనికి నిజాయితీగా ఏ హామీ ఇవ్వలేదు. ధిక్కార మార్గాన్ని నేను తోసిపుచ్చినా, అతని విషయంలో మాత్రం దానికి దీటైన జవాబు మూడవ మార్గం వైపు నుండి ఇంకా రాలేదు.