పగ్గాలు మేయర్‌కా, మేనేజర్‌కా?

పెరుగుతున్న చిన్న నగరంలో మేయర్ అభ్యర్థులు రోడ్లు, నీళ్లు, పార్కుల గురించి చాలా హామీలిస్తారు. ఆ పనులు ఎవరి చేత చేయిస్తారన్నది నాకు అంతకంటే ముఖ్యం. అమెరికాలో ఇందుకు ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, బలమైన మేయర్. బడ్జెట్ తయారీ, శాఖాధిపతుల నియామకం, చాలాచోట్ల వీటో కూడా మేయర్‌వే. పని జరగకపోతే ఎవరిని నిలదీయాలో జనానికి తెలుసు. న్యూయార్క్‌లో ఉన్నది ఇదే.

రెండోది కౌన్సిల్-మేనేజర్ పద్ధతి. ఎన్నికైన కౌన్సిల్ విధానాలు నిర్ణయిస్తుంది, అది నియమించిన మేనేజర్ రోజువారీ పాలన నడుపుతారు. మేయర్ ప్రధానంగా కౌన్సిల్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ తొలిసారి ఇలాంటి మేనేజర్‌ను పెట్టుకుంది. 1913 వరద తర్వాత ఒహాయోలోని డేటన్ కూడా ఈ దారి పట్టింది.

చిన్న నగరానికి నా ఓటు రెండోదానికే. కొత్త కాలనీలకు వేసే నీటి పైపులు, మురుగు కాలువలు దశాబ్దాల పాటు పనిచేయాలి. ప్రతి ఎన్నికకూ శాఖాధిపతులు మారిపోతే ఆ ప్రణాళిక నిలబడదు. అయితే మేనేజర్‌ను ఓటర్లు నేరుగా దించలేరు, కౌన్సిలే తొలగించాలి. కౌన్సిల్ పట్టించుకోకపోతే జనం మాట వినేవారుండరు. అందుకే ఈ పద్ధతి ఉన్నచోట అభ్యర్థిని నేను అడిగేది ఒక్కటే: మేనేజర్ పనితీరును ఏటా బహిరంగంగా సమీక్షిస్తారా?