పాట కోసం పట్నం పోయిన ఏడాది

డిసెంబరు రాగానే ఫోనులో పాటల యాప్ ఏడాది లెక్క తీసి ముందు పెట్టింది. పైన ఉన్నవన్నీ ఉప్పల్ బస్సులో చెవులకు తగిలించుకుని నిద్రపోయినప్పుడు వాటంతటవే మోగిన పాటలు. హనుమకొండ నుంచి పనిగట్టుకుని హైదరాబాదు పోయి విన్నవి అందులో ఒక్కటీ లేవు. అందుకే ఎక్కడ విన్నానో, ఎక్కడ పడుకున్నానో ఆ లెక్క నేనే రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, ఈ ఏడాది టికెట్ ధర పెరిగినకొద్దీ పాట నాకు దూరమైంది.

అన్నింటికన్నా ఎక్కువ డబ్బు పెట్టింది ఊరి బయట మైదానంలో జరిగిన సినిమా పాటల షోకు. పేర్లు ఎందుకులెండి. మా కుర్చీలు వేదికకు వంద మీటర్ల దూరంలో ఉన్నాయి. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కదా, వేదిక మీది మాట మా దాకా రావడానికి పావు సెకను పైనే పడుతుంది. వెనకవాళ్ల కోసం మధ్యలో పెట్టే స్పీకర్లను కూడా ఆ మేరకు ఆలస్యంగా మోగేలా సర్దాలి. అక్కడ సర్దినట్టు లేదు. ప్రతి పల్లవీ రెండుసార్లు వినిపించింది. పక్కాయన మాత్రం తన ఫోనులో షో అంతా రికార్డు చేశాడు, పాపం ఇంటికెళ్లి ఏం విన్నాడో! అయిపోయాక పార్కింగ్‌లోంచి బయటపడేసరికి అర్ధరాత్రి దాటింది. క్యాబ్‌లు ఒప్పుకోవడం, రద్దు చేయడం. ఆ రాత్రి దొరికిన గదిలో ఏసీ రిమోట్‌కు విడిగా డబ్బులడిగారు.

మాదాపూర్ శిల్పకళావేదిక ఇంతకన్నా చాలా నయం. సుమారు 2,500 మంది పట్టే హాలు, పైన కప్పుంది, మాట తేటగా వస్తుంది, మెట్రో దగ్గరే. చుట్టుపక్కల గదుల అద్దెలే నా బోటివాడికి బరువు.

తారామతి బారాదరికి చలికాలంలోనే పోవాలి. తారామతి అనే గాయని ఇక్కడ పాడితే గోల్కొండ కోటలో ఉన్న సుల్తానుకు వినిపించేదట. కథే అనుకోండి, మైకు లేని కథ. ఆరుబయట రంగస్థలం, వెనక గుట్ట మీద పన్నెండు కమానుల మండపం, చల్లగాలి. ఫ్లూటు వినడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. రాత్రిపూట తిరుగు ప్రయాణమే తలనొప్పి. అదే ఆవరణలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, ఖర్చైనా అక్కడే దిగడం మేలు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నేను పోయిన కచేరీలన్నీ ఉచితమే. గ్రీన్ లైన్ మెట్రో దిగి నడిచిపోవచ్చు. కార్డులో ఆరు గంటలని ఉంటే ఏడుంబావుకు వెళ్లండి. ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత శాలువాలు, ఆ తర్వాత అధ్యక్షుల వారి 'రెండు మాటలు'. ఇది ఏ ఒక్క హాలు తప్పూ కాదు, తెలుగు సభలన్నింటి తీరు. వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నప్పుడు ముందు వరుస పెద్దాయన 'ఇవాళ తోడి ఉందామ్మా?' అని వేదిక మీదికే అడిగాడు. పాడే ఆవిడ నవ్వి, రెండో కీర్తనగా తోడి రాగమే అందుకుంది. ఆ మైదానంలో ఎవరిని అడగాలి?

నవంబరు చివర మోతీరాం–మణిరాం సంగీత సమారోహ్ అనే హిందుస్తానీ సంగీత ఉత్సవానికి పోయాను. మోతీరాం పండితుణ్ని నిజాం ఆస్థాన గాయకుడిగా ప్రకటించాల్సిన రోజే, 1934లో, ఆయన హైదరాబాదులోనే కన్నుమూశారు. అప్పటికి కొడుకు జస్‌రాజ్ నాలుగేళ్ల పిల్లాడు. ఆ కొడుకే పెద్ద గాయకుడయ్యాక 1972 నుంచి ఇక్కడ ఈ ఉత్సవం నడిపారు; పేరులోని మణిరాం ఆయన అన్న. 2020లో ఆయనా పోయారు. ఇదంతా తెలిసి వింటే విలంబిత్ ఖయాల్ (నిదానంగా పాడే హిందుస్తానీ పాట) అంత నెమ్మదిగా సాగినా విసుగు రాలేదు. నేను కర్ణాటక సంగీతం తప్ప ఎరగనివాణ్ని. ఆ తర్వాత బస్సులో జస్‌రాజ్ వాళ్ల బాణీ, మేవాతీ ఘరానా తప్ప వేరే వినలేదు. యాప్ అప్పటికే ఏడాది లెక్క కట్టేసుకున్నట్టుంది, అదీ జమ కాలేదు.

బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు మొదటి మార్కు. 2010లో తెరిచిన చిన్న ఆవరణ, సమోసా, చాయ్. హార్మోనియం బెల్లోస్ ఊపిరి తీసే చప్పుడు కూడా వినిపించేంత దగ్గర. ఖవ్వాలీలో వెనక కూర్చుని చప్పట్లు కొట్టే కుర్రాడు లయ తప్పి నాలుక కరుచుకుంటే మనకు తెలుస్తుంది. కుర్చీ దొరక్కపోతే ఎక్కడో ఓ మూల సర్దుకోవాలి, నడుము నొప్పి ఉన్నవాళ్లు ముందుగా వెళ్లండి.

బసకు నా ఓటు లక్డీకాపూల్, నాంపల్లి పాత లాడ్జీలకే. కచేరీలు జరిగే రవీంద్రభారతి హాలుకు నడిచిపోవచ్చు. సాయంత్రం దిగేవాళ్లు 24 గంటల చెక్అవుట్ ఉన్నదే అడగాలి, లేకపోతే పొద్దున్నే సగం నిద్రలో లేపి ఖాళీ చేయమంటారు. దుప్పటి ఇంటినుంచి తెచ్చుకోవడం మంచిది.

వచ్చే ఏడాది మైదానం షోకు మా తమ్ముడు ఇప్పుడే టికెట్లు కొంటానంటున్నాడు. నువ్వు వెళ్లిరారా, నేను ఆ రోజు చిక్కడపల్లిలో ఉంటా అన్నాను.