ఇటాలియన్ క్లాసులో చెత్త సేకరణ క్యాలెండరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

యూనివర్సిటీలో ఇటాలియన్ చెప్తాను. నేను వాడిన పాఠ్యపుస్తకాలన్నిటిలో పర్యావరణం చివరి అధ్యాయమే. సెమిస్టరు అయిపోయేలోపు అక్కడిదాకా వెళ్లడం అరుదు. అందుకే దాన్ని మొదటి నెలలోకి తెచ్చి, కొన్నేళ్లుగా అలాగే నడుపుతున్నాను. ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, కాకపోతే పాఠం ఇటలీలోని ఒక ఊరినో ఒక వస్తువునో పట్టుకుని సాగాలి.

మొదటి సెమిస్టరుకు అక్కడి మున్సిపాలిటీల చెత్త సేకరణ క్యాలెండరును మించింది నాకు దొరకలేదు. ఏ రోజు తడిచెత్త, ఏ రోజు కాగితం, ఏ రోజు గాజు అని చదువుతుంటేనే వారాల పేర్లు నోటికొచ్చేస్తాయి. అసలు గొడవ పిజ్జా డబ్బా దగ్గర మొదలవుతుంది. నూనె మరకలైన అట్ట కాగితంలోకా, తడిచెత్తలోకా? ఒక్కో ఊళ్లో ఒక్కో నియమం. షాపు రసీదు చూడ్డానికి కాగితమే, కానీ థర్మల్ పేపరు కాబట్టి కాగితం డబ్బాలో వెయ్యకూడదు. "దోవే సి బుత్తా?" (ఎక్కడ పడెయ్యాలి?) అని పిల్లలు ఒకరినొకరు నిలదీసుకుంటారు. ఆ వ్యాకరణం నేను బోర్డు మీద రాసేసరికే వాళ్ల నోట్లో ఆడుతుంటుంది. ఎంఎస్‌కి మిలానో, పాదోవా వెళ్లే మన తెలుగు పిల్లలకైతే అద్దె ఇంట్లో దిగిన మొదటి వారంలోనే ఇది అక్కరకొస్తుంది.

రెండో ఏడాదికి వెనిస్. 2019 నవంబరు 12న అక్కడ నీటిమట్టం సుమారు 187 సెంటీమీటర్లకు చేరింది. 1966లో వచ్చిన 194 తర్వాత అంత ఎత్తు అదే. వెనిస్ మడుగు సముద్రంలో కలిసే లీడో, మలమొక్కో, కియోజ్జా ముఖద్వారాల్లో 78 గేట్లతో కట్టిన 'మోసె' అనే వరద అడ్డుకట్ట పోటును ఆపడానికి తొలిసారి లేచింది 2020 అక్టోబరు 3న. ఏడాది ముందే సిద్ధమై ఉంటే వెనిస్‌లోని సాన్ మార్కో కూడలి మునిగేదా? జరగనిదాన్ని ఊహించి చెప్పే ఇటాలియన్ వాక్యం విద్యార్థులకు కొరకరాని కొయ్య. ఇక్కడ మాత్రం అది కావాలని వాళ్లే అడుగుతారు. గేట్లు పదేపదే మూస్తే ఓడరేవు గతేమిటి, మడుగులోకి సముద్రపు నీటి రాకపోకల సంగతేమిటి అనే వాదన గంట దాటినా తెగదు.

పైస్థాయిలో దక్షిణ ఇటలీలోని తారాంతో ఊరి ఉక్కు కర్మాగారం, దాని పొగ మీదపడే తంబూరి పేట. ఉద్యోగమా, ఊపిరా అన్న ప్రశ్నకు తేలిక జవాబు లేదు, అందుకే క్లాసులో అందరూ మాట్లాడతారు. దానితోపాటు ఇటలీ రాజ్యాంగం 9వ అధికరణం చదివిస్తాను. 2022లో సవరించి పర్యావరణాన్ని, జీవవైవిధ్యాన్ని, రాబోయే తరాల ప్రయోజనాన్ని అందులో చేర్చారు. అంత చిన్న వాక్యాల్లో అంత బరువైన పాఠం దొరకడం భాషా టీచరుకు అదృష్టమే.

ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల పోస్టరు మాత్రం నాకు పనికిరాలేదు. ఏ భాషలోనైనా వచ్చే నాలుగు మాటలే అక్కడా వచ్చాయి, ఇటలీ కనబడలేదు. తీసేశాను.

ఇబ్బందులు లేకపోలేదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏటా అన్నీ సరిచూసుకోవాలి. మార్కులు ఆలోచనకా, వ్యాకరణానికా అనేది ముందే చెప్పకపోతే పిల్లలు నలిగిపోతారు. వరద, కాలుష్యం వరసగా పెడితే క్లాసు దిగాలుపడుతుంది. అందుకే మధ్యలో ఇటలీలోని బ్రా పట్టణంలో పుట్టిన స్లో ఫుడ్ ఉద్యమం (ఫాస్ట్ ఫుడ్‌కు ఎదురుగా స్థానిక తిండిని నిలబెట్టే ఉద్యమం) పెడతాను, ఆ రోజు అందరూ తిండి గురించి ఎడతెగకుండా మాట్లాడతారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కోర్సంతా మార్చక్కర్లేదు. ఇటలీలో ఏదో ఒక ఊరి మున్సిపాలిటీ సైటు తెరిచి ఈ ఏటి చెత్త క్యాలెండరు దించుకోండి. మొదటి రెండు క్లాసులకు అదొక్కటే చాలు.