ఆక్స్‌ఫర్డ్ హౌసా, హాఫ్‌వే హౌసా?

అమెరికాలో వ్యసనానికి చికిత్స పూర్తిచేసుకున్న స్త్రీ నేరుగా పాత ఇంటికి వెళ్తే మళ్లీ అదే మనుషులు, అదే మందు. మధ్యలో ఉండటానికి రెండు దారులు.

హాఫ్‌వే హౌస్‌లో సిబ్బంది ఉంటారు. రాత్రి ఎన్నింటికి రావాలో వాళ్లే చెప్తారు. కొత్తగా మానేసినవాళ్లకు అది ధైర్యం. కానీ చాలాచోట్ల గడువుంటుంది. ఉద్యోగం కుదరకపోయినా ఖాళీ చేయాలి.

1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతి వేరు. సిబ్బంది లేరు, ఆడవాళ్లకు ఇళ్లు విడిగా ఉంటాయి. అద్దె, బిల్లులు అందరూ పంచుకుంటారు. కొత్తవాళ్లు చేరాలంటే ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ల ఓట్లలో 80 శాతం రావాలి. మళ్లీ తాగితే వెంటనే బయటికే. మానేసి, అద్దె కడుతున్నంతకాలం ఎవరూ పొమ్మనరు. కొన్ని ఇళ్లలో పిల్లల్నీ దగ్గరుంచుకోవచ్చు. తల్లికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే సంపాదన లేనివాళ్లకు ముందు హాఫ్‌వే హౌసే నయం.