చలికాలపు మిద్దెతోటలో హెచ్‌డీపీఈ గ్రో బ్యాగులు: ఐదు సీజన్లు వాడాక

హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు డాబా మీద, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, వరసగా ఐదు శీతాకాలాలు ఈ సంచుల్లో ఆకుకూరలు, కూరగాయలు పండించాక రాస్తున్న సమీక్ష ఇది. వాడినవి మూడు సైజులు. 24 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ఉన్నవి 12. 15×15వి 10. 12×12వి మరో 12. సంచి మంచిదే, మళ్లీ కొంటాను. కానీ చలికాలంలో పంట పోయిందంటే దాదాపు ప్రతిసారీ కారణం చలి కాదు, పురుగూ కాదు, సంచిలో నిలిచిపోయిన తడి. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

హెచ్‌డీపీఈ అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్. దాని పట్టీలతో నేసి, పైన పల్చటి పొర అతికించిన గుడ్డతో ఈ సంచులు కుడతారు. బియ్యం బస్తా గుడ్డకు పెద్దన్న అనుకోండి. పక్కల నుంచి గాలి ఆడదు. తడి పోవాలంటే పైనుంచి ఆవిరి కావాలి, లేదా అడుగు రంధ్రాల్లోంచి కారాలి. ఏప్రిల్ ఎండలో ఆ గుణమే మొక్కను బతికిస్తుంది. డిసెంబరులో రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగి, పొద్దున తొమ్మిదైనా ఆకుల మీద మంచు ఆరనప్పుడు అదే గుణం వేళ్లను కుళ్లబెడుతుంది.

కొనేటప్పుడు చూడాల్సిందేమిటంటే, మొదట గుడ్డ మందం. దాన్ని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్కలో చెబుతారు. 180 జీఎస్ఎం సంచులు రెండో వేసవి దాటాక పట్టీ పట్టుకుని లాగగానే చిరిగాయి. 240 జీఎస్ఎంవి నాలుగేళ్లు నిలిచాయి. వాటిలోనూ గుడ్డ కంటే ముందు కుట్టు దారం ఎండకు పొడిపొడి అయింది. అందుకే అంచును, పట్టీ మొదలును రెండు వరసలుగా కుట్టారో లేదో తిప్పి చూడండి.

రెండోది రంధ్రాలు. నా సంచులకు వచ్చినవి నాలుగే, అవి కూడా పక్కన, అడుగుకు అంగుళం పైన. అంటే ఆ అంగుళం మేర నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. ఇనుప మేకును కాల్చి అడుగు అంచు చుట్టూ మరో ఎనిమిది రంధ్రాలు పొడవాలి. కత్తితో కోస్తే నేత విడిపోయి చిరుగు పాకుతుంది. కాలిస్తే అంచు కరిగి గట్టిపడుతుంది. నింపిన సంచిని నేరుగా డాబా మీద పెట్టొద్దు. ఇటుకలు రెండు వరసలుగా పేర్చి వాటి మీద పెడితే కింద గాలి ఆడుతుంది, స్లాబు చెమ్మ పట్టదు. తడిసిన 24×9 సంచి సుమారు 70 కిలోలు తూగుతుంది. కాబట్టి వీటిని డాబా నడిమధ్యలో గుంపుగా పెట్టకుండా, కింద గోడలూ బీములూ ఉన్న వరసలో పెట్టుకోవాలి.

ఇక మట్టి. మార్కెట్లో మిశ్రమం పేరుతో దొరికేదాంట్లో కొబ్బరి పొట్టే ఎక్కువ. అది నీటిని స్పాంజిలా పట్టుకుంటుంది. చలికాలానికి నాకు కుదిరిన పాళ్లు ఇవి: ఎర్రమట్టి నాలుగు తట్టలు, బాగా చివికిన పశువుల ఎరువు మూడు, కొబ్బరి పొట్టు ఒకటి, వరి ఊక ఒకటి, ఇసుక ఒకటి. వేసవిలో ఇసుకా ఊకా తగ్గించి కొబ్బరి పొట్టును మూడు తట్టలకు పెంచుతాను. ఒక 24×9 సంచికి సుమారు 60 లీటర్ల మిశ్రమం పడుతుంది, అందులో 200 గ్రాముల వేప పిండి కలపాలి. నారుకుళ్లు రాకుండా ట్రైకోడెర్మాను (తెగుళ్లను అణిచే, మేలు చేసే బూజు) పొడిగా చల్లడం కంటే పెంచి వాడటం మేలు. ఐదు కిలోల చివికిన ఎరువు, అర కిలో వేప పిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, కాస్త బెల్లం నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టా కప్పి నీడలో వారం పది రోజులు ఉంచాలి. తెల్లటి బూజు కట్టాక సంచికి రెండు గుప్పెళ్లు వేస్తే సరిపోతుంది.

కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి అలాగే కలిపేయొద్దు, అందులో ఉప్పు ఉంటుంది. ఐదు కిలోల ఇటుకను 20–25 లీటర్ల నీళ్లలో విడదీసి, పిండి, కనీసం మూడుసార్లు కడగాలి. కారే నీళ్లు చిక్కటి టీ రంగు పోయి పల్చబడాలి. కడగకుండా వాడిన సంచుల్లో మొలకల ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయాయి.

నీళ్ల దగ్గర ఈ సంచి మోసం చేస్తుంది. పైపొర పొడిగా కనిపిస్తుంది, రెండంగుళాల కింద చేతికి బురద తగులుతుంది. కింది ఆకులు పసుపై, మొక్క వడలినట్టు కనబడితే ఎండిందనుకుని ఇంకో మగ్గు పోస్తాం. వేళ్లు కుళ్లడం అక్కడే మొదలవుతుంది. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి. నవంబరు నుంచి జనవరి దాకా ఆకుకూరలున్న 24×9 సంచికి రోజు విడిచి రోజు మూడు, నాలుగు లీటర్లు చాలు. కాపు మీదున్న టమాటకు రోజూ లీటరున్నర నుంచి రెండు. ఎప్పుడైనా పొద్దుటే పోయాలి. సాయంత్రం ఆకులు తడిపితే ఆ తడి తెల్లారే దాకా ఆరదు, తెగుళ్లను పిలిచినట్టే.

ఏ సైజులో ఏది వేయాలన్నది పంటను బట్టి ఉంటుంది. వెడల్పాటి 24×9 సంచి కొత్తిమీర, మెంతి, పాలకూర, చుక్కకూర, పుదీనాలకు పుట్టినట్టే ఉంటుంది. మెంతి గురించి చెప్పడానికేమీ లేదు, మూడు రోజుల్లో మొలిచి 25 రోజులకు కోతకొస్తుంది. కొత్తిమీరే పరీక్ష పెడుతుంది. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టాలి. ఒక సంచికి 10 గ్రాములు చాలు. ఒత్తుగా చల్లితే మొలకలు మొదలు దగ్గర సన్నబడి పడిపోతాయి. అర అంగుళం మట్టి కప్పి, తడి గోనెపట్టా పరచాలి. అక్టోబరులో 8, 9 రోజులకే మొలుస్తుంది, డిసెంబరు చివర విత్తితే రెండు వారాలు పడుతుంది. చాలామంది ఆ ఆలస్యానికి కంగారుపడి మట్టి కెలుకుతారు. కెలకొద్దు. మొదటి మొలక కనబడగానే మాత్రం పట్టా తీసేయాలి, లేదంటే తెల్లగా పొడుగ్గా సాగిపోతాయి. వేళ్లతో పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే ఇంకో కోత వస్తుంది. ఫిబ్రవరిలో విత్తినది ఆకు పెట్టకుండానే పూతకొచ్చేస్తుంది.

క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగికి 15×15. క్యారెట్‌కు మట్టిని జల్లెడ పట్టాల్సిందే. రాళ్లు, పచ్చి ఎరువు ఉంటే దుంప రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. నారు పోసి నాటే పంట కాదిది, నేరుగా విత్తి, మొలకలు రెండంగుళాల దూరానికి పలచన చేయాలి. పైకి తేలిన దుంప భుజాలకు మట్టి ఎగదోయకపోతే పచ్చబడతాయి. బీట్‌రూట్‌లో ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి, ఒకటుంచి మిగతావి కత్తిరించాలి.

కాలీఫ్లవర్‌కు 12×12 సంచి కొనకండి. ఆ 22 లీటర్ల మట్టి చాలదు, పువ్వు గుప్పెడు దాటదు. 15×15లో ఒక్క మొక్క ఉంచితే కూరకు సరిపడే పువ్వు వస్తుంది. నారు వయసు 25 రోజులు ఉండాలి. నెలన్నర ముదిరిన నారు చవగ్గా దొరికినా వద్దు, మొక్క ఎదగకముందే బొత్తాం అంత పువ్వు పెట్టి ఆగిపోతుంది. నత్రజని తక్కువైనా, తొందరగా కాసే రకాన్ని చలి ముదిరాక నాటినా అదే జరుగుతుంది. కాబట్టి నర్సరీలో రకం తొందరదా, ఆలస్యందా అని అడిగి తీసుకోవాలి. 15 రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ వేస్తూ, పువ్వు నిమ్మకాయంత అయ్యాక ఆకులు పైకి దగ్గరగా చేర్చి కట్టేస్తే తెల్లగా ఉంటుంది.

పురుగుల్లో జనవరి బాధ పేనుబంక. చిక్కుడు, ఆవాలు, క్యాబేజీ దాని ఇష్టాలు. మొదట్లోనే నీళ్లు గట్టిగా చిమ్మి కడిగేస్తే సగం పోతుంది. మిగతాదానికి వేపనూనె 5 మిల్లీలీటర్లు ముందు ఒకటి రెండు మిల్లీలీటర్ల సబ్బు ద్రావణంలో కలిపి, ఆ తర్వాత లీటరు నీళ్లు పోయాలి. వరస తప్పితే నూనె పైన తేలి ఆకు మాడుతుంది. క్యాబేజీ జాతి మొక్కల పక్కన 12×12 సంచిలో ఆవాలు చల్లండి. క్యాబేజీ ఆకులు తినే డైమండ్ రెక్కల పురుగు తల్లి గుడ్లు పెట్టడానికి ఆవ ఆకు మీదికి పోతుంది, అవి పీకి పారేయడం సులువు. కొత్తిమీర మీద బూడిద తెగులు వస్తే నేను మందు కొట్టను. నాలుగు రోజుల్లో తినే ఆకు అది, కోసేసి కొత్త సంచిలో విత్తడమే మంచిది.

చలికాలంలో ఈ సంచులను కొన్ని పంటలకు వృథా చేయొద్దు. గోంగూర పగలు కురచైతే పూతకొచ్చే మొక్క, నవంబరులో వేస్తే అడుగెత్తులోనే పూస్తుంది. తోటకూర చలికి ముడుచుకుని కూర్చుంటుంది. అదే పొట్టి పగళ్ల కోసం ఎదురుచూసేది చిక్కుడు. ఆషాఢ, శ్రావణాల్లో పెట్టిన తీగ సంక్రాంతికి విరగకాస్తుంది, దానికి మాత్రం పెద్ద సంచి, గట్టి పందిరి ఇవ్వాలి.

జియో ఫ్యాబ్రిక్ (గాలి ఆడే మందపాటి గుడ్డ) సంచులు నాలుగు, రెండు సీజన్లు పక్కన పెట్టి చూశాను. పక్కల నుంచీ ఆరతాయి కాబట్టి చలికాలంలో వేరు కుళ్లు కనబడలేదు, టమాట వాటిలోనే బాగుంది. బయట తెల్లగా ఉప్పు, పచ్చగా పాచి కడతాయి. మార్చి వచ్చాక రోజుకు రెండుసార్లు నీళ్లు అడుగుతాయి. ఏడాది పొడవునా ఒకే సంచి కావాలంటే హెచ్‌డీపీఈ తీసుకోండి. చలికాలానికే అయితే ఫ్యాబ్రిక్ ఒక మెట్టు పైన.

శివరాత్రి దాటి పంట తీసేశాక మట్టిని ప్లాస్టిక్ పట్టా మీద పల్చగా పోసి, కాస్త తడిపి, పైన పారదర్శక షీటు కప్పి ఏప్రిల్, మే ఎండలో నాలుగు వారాలు ఉంచితే తెగుళ్ల బీజాలు చాలావరకు చస్తాయి. ఖాళీ సంచిని దులిపి మడిచి నీడలో పెడితే ఇంకో ఏడాది కలిసొస్తుంది. గుడ్డను వేళ్లతో నలిపినప్పుడు పొట్టులా రాలితే మాత్రం అతుకులు వేసి లాగొద్దు. ఆ ప్లాస్టిక్ రజను కూరలు పండే మట్టిలో కలుస్తుంది, తర్వాత ఏ జల్లెడా దాన్ని బయటికి తీయలేదు.