కిలో ఓమ్‌ను కిలోవాట్ చేసే స్లయిడ్లకు ఇగ్వానాటెక్: చాలాకాలం వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. పవర్‌పాయింట్‌లో వారం వారం లెక్కలు, సర్క్యూట్లు, సిగ్నల్స్ చెప్పేవాళ్లయితే, లేటెక్ (కోడ్ రాసి ఫార్ములాలు అచ్చు వేయించే సాఫ్ట్‌వేర్) కాస్తో కూస్తో వస్తే, దాన్ని పవర్‌పాయింట్‌లోనే వాడనిచ్చే ఇగ్వానాటెక్ అనే ఉచిత యాడ్-ఇన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకోండి. సెమిస్టర్ మొత్తంలో నాలుగు ఫార్ములాలు రాసేవాళ్లకి ఇది దండగ. ఆల్ట్, ఈక్వల్ కీలు కలిపి నొక్కితే వచ్చే పవర్‌పాయింట్ సొంత ఎడిటరే వాళ్లకి చాలు.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ సబ్జెక్టులు చెబుతాను. మా దగ్గర స్లయిడ్లు ఒకరి నుంచి ఒకరికి వారసత్వంగా వస్తుంటాయి. ఎప్పుడో ఎవరో చేసిన ఫైల్‌ని తర్వాత వచ్చినవాళ్లు రంగులు మార్చి, టెంప్లేట్ మార్చి, ఫాంట్ మార్చి వాడుకుంటూ పోతారు. అలా చేతులు మారిన ఫైళ్లలో 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ 10 కిలోవాట్ అయిపోయి ఉంటుంది, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ 100 మిల్లీఫారడ్ అయి కూర్చుంటుంది, అంటే ఏకంగా వెయ్యి రెట్లు. ఖాళీ డబ్బానో ప్రశ్నార్థకమో వస్తే తప్పని ఎవరికైనా తెలుస్తుంది. ఇది మాత్రం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పిల్లలు అలాగే నోట్సులోకి ఎక్కించుకుంటారు.

దీనికి కారణం పాత సింబల్ ఫాంట్. అందులో ఒమేగా బొమ్మ ఇంగ్లిష్ డబ్ల్యూ ఉండే చోట ఉంటుంది, మ్యూ ఎం చోట, థీటా క్యూ చోట, పై పీ చోట. ఫాంట్ మారితే ముసుగు తొలగిపోయి అసలు అక్షరం బయటపడుతుంది. అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు ఫైల్‌ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిచినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, అదీ ఇదీ ఒకే రోగం.

పాత సమీకరణాల సంగతి ఇంకో రకం. ఆఫీస్‌లో చాలా ఏళ్లు ఈక్వేషన్ ఎడిటర్ 3.0 అని ఒకటి ఉండేది. దాంట్లో 2017 నవంబర్‌లో పెద్ద భద్రతా లోపం బయటపడింది, ఆ తర్వాత 2018 జనవరి అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆఫీస్‌లోంచే తీసేసింది. దాంతో రాసిన సమీకరణాలు ఫైళ్లలో అలాగే ఉన్నాయి, కనిపిస్తాయి, డబుల్ క్లిక్ చేస్తే మాత్రం తెరుచుకోవు, కొన్ని కంప్యూటర్లలో గుర్తులూ పాడై కనిపిస్తాయి. మరి కనిపించేది బొమ్మే కదా, అది ఎందుకు పాడవుతుంది అని చాలామంది అడుగుతారు. అది ఫొటో లాంటి బొమ్మ కాదు. "ఈ ఫాంట్‌లో ఈ అక్షరం ఇక్కడ గీయి" అనే ఆదేశాల మూట. ఆ సమీకరణాలు వాడుకునే ఎంటీ ఎక్స్‌ట్రా అనే గుర్తుల ఫాంట్ లేని సెమినార్ హాల్ కంప్యూటర్‌లో ఆ ఆదేశాలకి ఏది దొరికితే అది గీస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో బంగారంలా ఉన్న స్లయిడ్, ప్రొజెక్టర్ మీద చెత్తగా మారేది ఇందుకే.

మూడో రకం, పీడీఎఫ్ నుంచి కాపీ కొట్టి అతికించడం. లేటెక్‌లో తయారైన పాత పేపర్లలోంచి తీస్తే ∞ పోయి 1 వస్తుంది, ∈ పోయి 2, బాణం గుర్తు పోయి ఆశ్చర్యార్థకం, ∀ పోయి 8. "ఎక్స్ → ∞" అని ఉండాల్సింది "ఎక్స్ ! 1" అవుతుంది. సిగ్మా అయితే పెద్ద పీ గానో ఎక్స్ గానో మారుతుంది. ఆ పాత గణిత ఫాంట్లలో ఈ గుర్తులు కూర్చున్న నంబర్లు అవే మరి. ఇలా వచ్చినదాన్ని ఒక్కో గుర్తూ దిద్దుకుంటూ కూర్చోవడం వృథా, మొదటి నుంచి రాసుకోవడమే మేలు.

ఇక ఇగ్వానాటెక్ దగ్గరికి వస్తే, అది చేసే పని చాలా సాదా. పవర్‌పాయింట్‌లో ఒక చిన్న కిటికీ తెరుస్తుంది, అందులో లేటెక్ కోడ్ రాస్తాం, అది మన కంప్యూటర్‌లో ఉన్న లేటెక్‌తో కంపైల్ చేయించి ఫలితాన్ని స్లయిడ్ మీద బొమ్మగానో వెక్టర్ షేప్‌గానో పెడుతుంది. కోడ్ కూడా ఆ షేప్‌తోనే ఫైల్‌లో దాగి ఉంటుంది కాబట్టి, ఏడాది తర్వాత సెలెక్ట్ చేసి ఎడిట్ నొక్కితే మళ్లీ అదే కోడ్ వస్తుంది. నాకు నచ్చిన అసలు విషయం ఇదే. వెక్టర్ షేప్‌లో అక్షరాలే ఉండవు, గీతలే ఉంటాయి. ఫాంట్ లేకపోవడం అనే ప్రశ్నే లేదు. సెమినార్ హాల్‌లో ఎంత పాత కంప్యూటర్ ఉన్నా, పిల్లలు వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ని ఫోన్‌లో ఏ యాప్‌తో తెరిచినా, ఒమేగా ఒమేగాలాగే కనిపిస్తుంది. చూసేవాళ్ల దగ్గర యాడ్-ఇన్ ఉండాల్సిన పనీ లేదు.

పెట్టుకోవడం మాత్రం ఓపికతో కూడిన పని. యాడ్-ఇన్ గిట్‌హబ్‌లో దొరుకుతుంది, చిన్న ఫైలే. దాని వెనక లేటెక్ ఉండే మిక్‌టెక్ గానీ టెక్ లైవ్ గానీ కంప్యూటర్‌లో ఉండాలి. టెక్ లైవ్ పూర్తిగా దింపితే కొన్ని జీబీలు తింటుంది, హాస్టల్ వైఫై మీద పెట్టుకుంటే ఆ రాత్రికి ఇక అదే పని. ఏ పద్ధతిలో బొమ్మ తయారు చేయమంటామో దాన్నిబట్టి పీడీఎఫ్‌ని బొమ్మగా మార్చే ఘోస్ట్‌స్క్రిప్ట్ లాంటివీ కావాలి, అవి కంప్యూటర్‌లో ఎక్కడున్నాయో సెట్టింగ్స్‌లో చూపించాలి. ఇంటర్నెట్ నుంచి దింపిన మాక్రో ఫైల్ కాబట్టి విండోస్ అడ్డుకుంటుంది, ఫైల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ టిక్ పెట్టేదాకా కదలదు. మా డిపార్ట్‌మెంట్‌లో సగం మంది ఇక్కడే ఆగిపోయారు, వాళ్లని తప్పు పట్టను.

ఇబ్బందులు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు, ప్రకటన అవుతుంది. వాక్యం మధ్యలో ఫార్ములా పెట్టడం దీనికి రాదు. షేప్ తన చోట తాను ఉంటుంది, పక్కనున్న వాక్యంలో ఒక మాట పెంచితే ఫార్ములా కదలదు, మనమే మౌస్‌తో జరపాలి. పెద్ద డెరివేషన్ ఉన్న స్లయిడ్లలో ఇది నిజంగా చిరాకు. నేనైతే అలాంటి చోట మొత్తం పేరానే లేటెక్‌లో రాసి ఒకే షేప్‌గా పెట్టేస్తాను. కామా మార్చినా మళ్లీ కంపైల్ కావాలి, తక్షణం కనిపించదు. ఫోన్‌లో, బ్రౌజర్‌లో నడిచే పవర్‌పాయింట్‌లో యాడ్-ఇన్ పనిచేయదు, చూడొచ్చు గానీ దిద్దలేం. విండోస్, మ్యాక్ రెండింట్లోనూ ఉంది, అంతవరకే. ఇంకొకటి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైల్‌లో దాగిన కోడ్ మిగులుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. కోడ్ అంతా విడిగా ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంచుకుంటాను నేను.

తెలుగు మీడియం పిల్లలకి బ్రిడ్జ్ క్లాసులు చెప్పేటప్పుడు నాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటుంది. ఫార్ములా లోపలే "ఒకవేళ", "అయితే" లాంటి తెలుగు మాటలు కావాలంటే లేటెక్‌లో మామూలు రకమైన పీడీఎఫ్‌లేటెక్‌తో కుస్తీ పట్టకండి. సెట్టింగ్స్‌లో యూనికోడ్ ఫాంట్లు వాడనిచ్చే జీలేటెక్ (XeLaTeX) ఎంచుకుని, నోటో సెరిఫ్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ చూపిస్తే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా వస్తాయి. ఒక్కో పరిధికి ఒక్కో సూత్రం ఉండే ఫంక్షన్లు రాసేటప్పుడు ఇది ఎంత హాయో వాడితే తెలుస్తుంది.

పవర్‌పాయింట్ సొంత ఎడిటర్‌ని నేను పూర్తిగా వదిలేయలేదు. వాక్యంతో పాటు కదిలే ఫార్ములా అదొక్కటే ఇస్తుంది. పీపీటీఎక్స్ (ఇప్పటి పవర్‌పాయింట్ ఫార్మాట్) ఫైల్‌లో అది సమీకరణంతో పాటు ఒక బొమ్మ కూడా దాచిపెడుతుంది, సమీకరణం అర్థం కాని సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ చూపిస్తుంది. అందుకే కొన్నిచోట్ల ఆ టెక్స్ట్ బాక్స్ మొత్తం బొమ్మైపోయి కర్సర్ కూడా పెట్టనివ్వదు. పాత పీపీటీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే ఇక ఎప్పటికీ బొమ్మే, కాబట్టి "పాత వెర్షన్‌లో పంపండి" అని ఎవరైనా అడిగితే అసలు ఫైల్ పక్కన పెట్టుకుని కాపీ పంపండి.

ఇప్పటికే ఈక్వేషన్ ఎడిటర్ 3.0 సమీకరణాలు కుప్పగా ఉన్నవాళ్లకి ఇగ్వానాటెక్ ఏమీ చేయలేదు, అన్నీ తిరిగి రాయాల్సిందే. అలాంటివాళ్లు మ్యాథ్‌టైప్ అనే సమీకరణాల సాఫ్ట్‌వేర్ చూడండి. ఆ పాత ఎడిటర్‌ని మొదట తయారు చేసింది మ్యాథ్‌టైప్ వాళ్లే, అందుకే అది పాత సమీకరణాల్ని తెరిచి దిద్దనిస్తుంది. డబ్బు కట్టాల్సిందే, కానీ ట్రయల్ ఇస్తారు. ముందు అసలు పనికొచ్చే స్లయిడ్లు ఏవో ఏరుకుని ట్రయల్ మొదలుపెడితే ఆ గడువులోనే చాలా పని అయిపోతుంది. సింబల్ ఫాంట్ పోయిన వాటికి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ లేదు. సంఖ్య పక్కన డబ్ల్యూ గానీ ఎం గానీ కనబడిన ప్రతిచోటా ఆగి, అది వాట్సా ఓమ్సా, మిల్లీయా మైక్రోనా అని సర్క్యూట్ చూసి మీరే తేల్చాలి.