ముందు చక్రాల సెడానా, వెనుక చక్రాలదా: మన స్పీడ్ బ్రేకర్లకు ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి రోజూ విజయవాడ వచ్చి వెళ్తాడు. ఇప్పుడు కారు మార్చాలనుకుంటున్నాడు. కొత్త స్కోడా స్లావియా తీసుకోవాలా, పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ తీసుకోవాలా అన్న దగ్గర ఆగిపోయాడు. "వెనుక చక్రాలు తిరిగే బండి అయితే కుదుపులుండవు, ఎత్తు కూడా ఉంటుంది కదరా. మన అంబాసిడర్ చూడు, ఎక్కడా తగిలేది కాదు" అన్నాడు. అంబాసిడర్ గురించి ఆయన అన్నది నిజమే. కానీ దానికి కారణం వెనుక చక్రాల డ్రైవ్ (అంటే ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు వెళ్లడం) ఒక్కటే అనుకుంటే పొరపాటు.

అంబాసిడర్ కింద ఎప్పుడైనా పడుకుని చూశారా? వెనుక రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే ఇరుసు, దాని మధ్యలో పెద్ద ముద్దలా డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె), మొత్తం కమాన్ కట్టల మీద. ఎంతమంది ఎక్కినా ఆ డిఫరెన్షియల్ నేలకు దగ్గర కాదు. అది చక్రాలతో పాటే ఉంటుంది, దిగేది బాడీ మాత్రమే. అందుకే పెళ్లివాళ్లను కుక్కి కుక్కి ఎక్కించినా డొంక దారిలో ముద్ద తగలకుండా వెళ్లిపోయేది. అయితే అంత బరువూ చక్రాలతో పాటే ఎగరాలి కాబట్టి, ప్రతి గుంతలోనూ వెనుక సీటు వాళ్ల నడుములు అదిరేవి.

3 సిరీస్ లెక్క వేరు. అందులో డిఫరెన్షియల్‌ను బాడీ వైపు బిగించి, ఒక్కో వెనుక చక్రాన్ని విడిగా లింకులతో పట్టుకుంటారు. ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రానికి పెద్దగా తెలియదు. బరువు కూడా ముందూ వెనుకా దాదాపు సమానంగా ఉంటుంది. హైవే మీద ఆ కారు నేలను పట్టుకుని వెళ్లే తీరు నాకు చాలా ఇష్టం, ఆ విషయంలో బాబాయితో వాదించను. కానీ నలుగురు ఎక్కగానే డిఫరెన్షియల్ కూడా బాడీతో పాటు కిందికి దిగుతుంది. అంబాసిడర్‌కు ఉన్న ఆ లాభం ఇందులో లేదు.

ఇక స్లావియా, సిటీ, వెర్నా, డిజైర్ లాంటివన్నీ ముందు చక్రాలు లాగే బండ్లే. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే అడ్డంగా కూర్చుంటాయి. పక్కన డ్రైవ్ షాఫ్టులు (చక్రాలను తిప్పే కడ్డీలు) పోవాలి కాబట్టి ఎక్కువ చోటు అడగని స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే కడ్డీగా ఉండేది) పెడతారు. వెనుక చక్రాలు ఊరికే తిరగడమే కనుక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే, కాస్త మెలితిరిగే దూలం) చాలు: తేలిక, చవక, డిక్కీలో చోటు మిగులుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఖాళీ కారు బరువులో సుమారు 60 శాతం ముందే ఉంటుంది. ఒంటరిగా వెళ్తే వెనుక భాగం కాస్త ఎగిరెగిరి పడుతుంది, వెనుక ముగ్గురు కూర్చుని డిక్కీ నింపితే బాగా కుంగుతుంది.

అలాగని కుదుపుకు కారణం డ్రైవ్ ఒక్కటే అనలేం. పాత ఆక్టేవియానే చూడండి. 1.4 పెట్రోల్‌లో టార్షన్ బీమ్ ఉండేది, 1.8లో మల్టీలింక్, అంటే 3 సిరీస్‌లా ఒక్కో చక్రానికి విడి లింకులు. రెండూ ముందు చక్రాల కార్లే. వెనుక కూర్చున్నవాళ్లకు తేడా తెలిసేది.

నేలకూ కారు అడుగుకూ మధ్య ఎత్తు సంగతికొస్తే, స్లావియా 179 మిల్లీమీటర్లు, సిటీ 165, డిజైర్ 163. ఇవి ఖాళీ కారు లెక్కలు. వెనుక చక్రాల డ్రైవ్ ఉన్న ఎలక్ట్రిక్ కారు బీవైడీ సీల్ 145 మాత్రమే. దానికి ముందున్న ఇంజిన్ నుంచి వెనుకకు శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు, కానీ నేల కింద పరిచిన బ్యాటరీ ఉంటుంది. ఎత్తు అనేది కంపెనీ ఎంచుకునేది, ఏ చక్రం తిరుగుతుందో చూస్తే తెలిసేది కాదు.

"తక్కువైతే స్పేసర్లు వేయించుకుందాం" అనేవాళ్లకు నా అనుభవం చెప్తాను. స్పేసర్లంటే కారు ఎత్తు పెంచడానికి స్ప్రింగుల దగ్గర పెట్టే దిమ్మలు. నా పాత సెడాన్ మా వీధి మలుపులోని స్పీడ్ బ్రేకర్‌కు రోజూ రాసుకునేది. ఒక షాపులో ముందు స్ప్రింగులకు స్పేసర్లు వేశారు. వారం రోజులు హాయిగా ఉంది. తర్వాత స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టక్ టక్ టక్. జాకీ ఎత్తి చూస్తే చక్రం లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్‌ను కప్పే రబ్బరు బూటు మడతలో చీలిపోయింది. కారు లేచింది, గేర్‌బాక్స్ దానితో పాటే లేచింది, చక్రం మాత్రం నేల మీదే ఉంది. మధ్యలో ఉన్న షాఫ్ట్ వంపు పెరిగి, జాయింట్ మీద భారం పడింది. ఆటోనగర్‌లో రెండు వైపులా షాఫ్టులు మార్పించి, స్పేసర్లు తీయించాను. వెనుక చక్రాల కారుకు ముందు డ్రైవ్ షాఫ్టులే ఉండవు కాబట్టి ముందు వైపు ఈ బాధ లేదు. కానీ 3 సిరీస్ లాంటి వాటికి అదే సమస్య వెనుక ఉంటుంది.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే సెడాన్ గురించి ఎక్కువ చెప్పను. పాత 3 సిరీస్‌లో ఆ రకం కాస్త ఎత్తుగానే ఉండేది. ముందు చక్రాలకు కూడా షాఫ్టులు పంపాలి కదా. మనకు మంచు లేదు, ఆ అదనపు బరువు, ఖర్చు ఎందుకు?

వెనుక చక్రాల డ్రైవ్ నిజంగా ఉపయోగపడేది ఎత్తు ఎక్కేటప్పుడు. కొండవీడు ఘాట్ రోడ్డులో నిండు కారుతో తడిలో ఆగి మళ్లీ బయల్దేరితే బరువు వెనక్కి పోయి, ముందు చక్రాలు జారొచ్చు. బాబాయి కొండ ఎక్కేది ఏడాదికి రెండుసార్లు. బ్రాడీపేట సందుల్లో తిరిగేది రోజూ. అందుకే నా ఓటు స్లావియాకే. ఆయన ఒక్కడే, హైవే మీదే తిరిగేవాడైతే ఇంకోలా చెప్పేవాణ్ని.

ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం రెండు కార్లూ తెప్పించమన్నాను. నలుగురం ఎక్కుతాం, డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తా పెడతాం, వాళ్లింటి ముందున్న స్పీడ్ బ్రేకర్ మీదుగా నిదానంగా దాటిస్తాం. పిన్ని కింద కూర్చుని ఏది తగిలిందో చూస్తానంది.